అర్థశాస్త్ర పరిభాషానువాదం: సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత వ్యవహారం వెలుగులో ఒక పరిశీలన

సంప్రదాయ ఆర్థికవేత్తలు ఉత్పత్తి ఫలాన్ని భూమికి భాటకంగా, శ్రమకు వేతనంగా, మూలధనానికి లాభంగా విభజించి చూపారు. 1776లో ఆడమ్ స్మిత్, 1817లో డేవిడ్ రికార్డో వివరించిన ఈ విభజన తెలుగు మాధ్యమ విద్యార్థికి ప్రధానంగా 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి గ్రంథాల ద్వారా అందింది. ఈ పరిభాషపై వచ్చిన విమర్శ ఎక్కువగా సంస్కృతభూయిష్ఠత చుట్టూనే తిరిగింది. అయితే అనువాదపదం మూలభావనలోని భేదాన్ని నిలిపిందా, వాడుకభాషలోని భేదాన్ని తుడిచిందా అన్నవే అసలు ప్రశ్నలు. పల్లె, పరిశ్రమ పక్కపక్కనే ఉన్న సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం ఈ పరీక్షకు అనువైనది.

అక్కడి వ్యవహారంలో పొలానికి కౌలు, గదికి కిరాయి, సర్కారుకు శిస్తు. రికార్డో చెప్పిన భాటకం ఈ మూడింటిలో ఏదీ కాదు. నేలకు సహజంగా ఉన్న, నశించని శక్తులను వాడుకున్నందుకు చెల్లించే భాగమే అది. గది కిరాయిలో కట్టడంపై పెట్టిన సొమ్ముకు రాబడి కూడా కలిసి ఉంటుంది. ఒకే రకం గదికి కర్మాగారం దగ్గర ఎక్కువ, దూరాన తక్కువ కిరాయి పలికితే, ఆ తేడా మాత్రమే భాటక భావనకు చేరువవుతుంది. ఆంగ్లంలో శాస్త్రానికీ వాడుకకూ ఒకే పదం ఉండడంతో రికార్డో ఈ భేదాన్ని విడమరచి చెప్పవలసి వచ్చింది. తెలుగులో ‘అద్దె’ను గ్రహించి ఉంటే అదే చిక్కు ఎదురయ్యేది. కనుక ‘భాటకం’ కఠినమైనా సార్థకం.

‘వేతనం’ విషయం వేరు. కూలి రోజు లెక్క, జీతం నెల లెక్క. అయితే తెలంగాణ పల్లెలో ‘జీతగాడు’ అంటే ఏడాది పొడవునా, తరచుగా అప్పుకు కట్టుబడి, ఒకే ఇంట పనిచేసే మనిషి. అతని కొడుకు కర్మాగారంలో అందుకునేదీ జీతమే. కట్టుబాటు నుంచి ఒప్పందానికి జరిగిన మార్పు, దాని అసంపూర్ణత ఈ ఒక్క మాటలో నిక్షిప్తమై ఉన్నాయి. 1948 నాటి కనీస వేతనాల చట్టం వంటి శాసనానికి ఏకరూప పదం అవసరమే. పాఠ్యగ్రంథం కూడా అక్కడితో ఆగిపోతే ఆ చరిత్ర విద్యార్థికి కనబడదు.

మూడవ పదంలో చిక్కు మరింత జటిలం. పాఠ్యగ్రంథంలో మూలధనం వేరు, దానికి చేర్పుగా వచ్చే పెట్టుబడి వేరు. మార్క్సిస్టు రచనల్లో మూలధన భావనకే ‘పెట్టుబడి’ అని పేరు. ‘పెట్టుబడిదారీ విధానం’ అక్కడి నుంచి వచ్చినదే. తరగతిలో ఒక అర్థం, కార్మికసంఘం కరపత్రంలో మరొక అర్థం ఎదురైన విద్యార్థికి రెండూ పొసగవు. ఇటువంటి ఇబ్బంది ఫ్రెంచికీ తప్పలేదు. 1872–75లో వెలువడిన ‘కాపిటల్’ ఫ్రెంచి అనువాదంలో జోసెఫ్ రువా అదనపు విలువకు ‘ప్లూ-వాల్యూ’ అన్నాడు. ఆస్తి ధర పెరుగుదలకూ ఫ్రెంచిలో అదే మాట. పటాన్‌చెరు రహదారి పక్క భూమి ధర పెరగడం, ఆ భూమిలోని కర్మాగారంలో శ్రమ సృష్టించే అదనపు విలువ ఒకటి కావు. తెలుగులో ‘అదనపు విలువ’ ఈ రెండింటినీ కలపలేదు.

కాబట్టి పారిభాషిక పదాలను తొలగించి వాడుకపదాలను నిలపడం పరిష్కారం కాదు. భాటక నిర్వచనం పక్కన కౌలు, కిరాయి, శిస్తులను, వేతనం పక్కన కూలి, జీతాలను నిలిపి, అవి ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో చూపాలి. పెట్టుబడికి ఉన్న రెండు అర్థాలనూ పదకోశం నమోదు చేయాలి. అప్పుడే కార్మికుల బిడ్డ తన ఇంటి లెక్కను శాస్త్రభాషలో చదువుకోగలుగుతాడు.