తాతా, దాతా, ధాతా?

తమిళనాట హైస్కూల్లో సంగీతం ఒక పాఠంగా చదివే మన పిల్లల నోటుబుక్కులు అప్పుడప్పుడు చూస్తూంటాను. సరళి, జంట, అలంకారం, గీతం, వర్ణం, కృతి - వరుస పద్ధతిగానే ఉంటుంది. చిక్కల్లా సాహిత్యం దగ్గరే. వర్ణాలు చాలావరకు తెలుగు. త్యాగరాజస్వామి (1767-1847) కృతులు, కొన్ని సంస్కృతంవి తప్ప, తెలుగే. పిల్లలు రాసుకునేది తమిళ లిపిలో. అందులో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరం. తాత, దాత, ధాత మూడూ ఒకటే!

తప్పు లిపిది కాదు. తమిళానికి అది చక్కగా సరిపోతుంది. మంచి కీర్తనల పుస్తకాల్లో అక్షరానికి 2, 3, 4 అంకెలు వేసి తేడా చూపుతారు. నోటుబుక్కులో ఆ అంకెలు జారిపోతాయి. అర్థం అసలే ఉండదు.

బ్యాంకు ఉద్యోగిని కనుక నాకు తెలుసు: ఒక్క సున్నా జారితే పద్దు మారుతుంది. ఒత్తు జారినా అంతే. త్యాగయ్య రాముణ్ణి బతిమాలుతున్నాడో దెప్పుతున్నాడో తెలియకుండా పాడితే రాగం నిలుస్తుందేమో గాని భావం నిలవదు.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం రాని మన పిల్లలకు కృతే వాచకం కాగలదు. దాన్ని తెలుగు అక్షరాల్లో రాయించి, అర్థం చెప్పించి, అందుకూ నాలుగు మార్కులు వేయాలి.