తప్పును ఓపికగా చెప్పేవారు

జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఫారాలు కట్టే ప్రోగ్రామర్ల పనిలో నాకెంతో ఇష్టమైనది, తప్పు చెప్పే వాక్యం రాయడం. ఫ్రేమ్‌వర్క్ దానంతటది ఇచ్చే మాట పొడిగా ఉంటుంది: సరైన విలువ ఇవ్వండి. పలాసలోనో బొబ్బిలిలోనో ఫోన్‌లో దరఖాస్తు నింపే రైతుకు దాంతో ఏం బోధపడుతుంది? మంచి పనివారు ‘ఎర్రర్ మెసేజెస్’లో ఇలా రాస్తారు: “ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఐదోది ‘O’ అక్షరం కాదు, సున్నా.” “ఆధార్‌కు 12 అంకెలుండాలి, మీరు 11 వేశారు.” తప్పెక్కడుందో, ఎలా దిద్దాలో రెండూ చెప్తారు. నింపిన మిగతా గడులు చెరిగిపోనివ్వరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు నోటితో చేసే సాయం కూడా ఇదే. వాక్యం తిన్నగా ఉంటే ఒక మనిషికి మళ్లీ తిరిగే పని తప్పుతుంది.