గేటు ముందు గట్టు

భిలాయి వైశాలి నగర్‌లో ఇల్లు మొదలుపెడితే పూజగది ఏ మూల రావాలో నెల రోజులు చర్చిస్తాం. గేటు ముందు ర్యాంపు సంగతి మాత్రం ఆఖరి రోజున, మిగిలిన సిమెంటుతో తేల్చేస్తాం. బండి రోజూ ఎక్కి దిగేది అక్కడే. దానికి కొలత అవసరమని నా గట్టి నమ్మకం.

స్విఫ్ట్ కారునే తీసుకోండి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. కారు అడుగు నేలకి 163 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. లెక్క వేస్తే, ర్యాంపు పైఅంచు దగ్గర వంపు 15 డిగ్రీల దాకా ఉన్నా అడుగు తగలదు. నాలుగడుగుల పొడవులో అడుగు ఎత్తు లేపిన ర్యాంపు వాలు 14 డిగ్రీలు. ఖాళీ కారు ఎలాగో దాటేస్తుంది. అయిదుగురు కూర్చుని, డిక్కీలో సామాను కూడా ఉంటే స్ప్రింగులు కుంగుతాయి. అయిదు సెంటీమీటర్లు కుంగినా ఆ హద్దు పదిన్నర డిగ్రీలకి పడిపోతుంది. ఊరి నుంచి చుట్టాలతో వచ్చిన రోజే కారు కింద కొట్టుకునేది అందుకే. అదే ఎత్తుని ఎనిమిది అడుగుల పొడవున లేపితే వాలు ఏడు డిగ్రీలే.

ఆ పొడవుని గేటు లోపలే సర్దుకోవాలి. రోడ్డు మీదికి జరిపితే నడిచేవాళ్ళ దారి పోతుంది. సైడు కాలువ మీద కాంక్రీటు పోసేస్తే వానాకాలంలో వీధి నీళ్ళు మన గుమ్మంలోకే వస్తాయి. కాలువ మీద చెకర్డ్ ప్లేటు వేస్తే, పూడిక తీసే రోజున ఎత్తి పక్కన పెట్టొచ్చు. ఉక్కు ఊళ్ళో ఉంటున్న మనకి ఆ ప్లేటు గురించి ఒకరు చెప్పాలా?

ర్యాంపు లేని చోట గట్టు ఎక్కించాల్సి వస్తే తొందర పనికిరాదు. చక్రం గట్టుకి ఆని ఆగిపోతే చాలామంది యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతారు. ఎక్కిన మరుక్షణం బండి ముందుకి దూకుతుంది. ఎదురుగా గోడ ఉండొచ్చు, పిల్లలు ఉండొచ్చు. ఆరంగుళాల గట్టు ముందు మూడంగుళాల మందం చెక్క వేస్తే అది రెండు చిన్న మెట్లవుతుంది, బండి నిదానంగా ఎక్కుతుంది. అమెరికాలో ఇంటిలాంటి ట్రైలర్‌ని కారు వెనక తగిలించుకుని తిరిగేవాళ్ళకీ ఇంటి ముందు ఇదే పరీక్ష. వెనక చక్రాల తర్వాత కూడా బండి పొడుగ్గా ఉంటుంది కాబట్టి తోక నేలకి రాసుకుంటుంది. మనిషి ఎత్తుకి మించిన ఆ బండి ఒక పక్క చక్రం ముందు ఎక్కితే ఒరుగుతుంది. అందుకే రెండు పక్కలా చెక్కలు పరిచి, తిన్నగా, నడక కంటే నెమ్మదిగా ఎక్కించాలి.

దీనికి మించినది దారి చూపే మనిషి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఈ ఊళ్ళో, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో పనిచేసిన కుటుంబాలు ఎన్నో. అక్కడి క్రేన్ పనిలో ఒక నియమం ఉంటుంది: సైగ చేసేది ఒక్కరే, ఆపరేటరు ఆ ఒక్కరినే చూడాలి. అదే మనుషులం ఇంటి ముందు బండి వెనక్కి తీసేటప్పుడు ఒకరు "రానీ మావయ్యా, రానీ" అంటాం, పక్కింటాయన హిందీలో "బస్, బస్" అంటాడు, మేడ మీంచి ఇంకెవరో "లెఫ్ట్ కొట్టు" అంటారు. నడిపేవాడు ఎవరి మాట వినాలి? ఒక్కరే చెప్పాలి. ఆ మనిషి డ్రైవరు వైపు అద్దంలో కనబడే చోట నిలబడాలి, బండి దారిలో ఉండకూడదు. అద్దంలో కనబడకపోతే బండి ఆగాలి. క్రేన్ నియమంలో ఇంకో ముక్క కూడా ఉంది: "ఆపు" అని ఎవరైనా అనొచ్చు. ఎనిమిదేళ్ళ పిల్ల ఆపమన్నా సరే, ముందు బ్రేకు తొక్కి, కారణం తర్వాత అడగాలి.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళని నేను కోరేది ఇదీ: గేటు గీసిన రోజునే ప్లానులో ర్యాంపు కూడా గీయించండి. స్థలం ఉంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఇవ్వండి. చక్రాల కుర్చీకి సూచించే వాలు అదే. ప్లాంటులో రిటైరై, ముసలితనం ఇక్కడే గడపాలని కట్టుకునే ఇళ్ళివి. ఈ రోజు కారు కోసం తగ్గించిన వాలు రేపు మన మోకాళ్ళకీ పనికొస్తుంది.