రోకటి పోటు వినబడని పాట

సీత-అనసూయల పేరెత్తితే మన సాహిత్య సభల్లో వెంటనే కృష్ణశాస్త్రి ప్రస్తావన వస్తుంది. మేనమామ గీతాల్ని ఆ అక్కచెల్లెళ్లు అంత అందంగా పాడారు మరి. కానీ అలా తలుచుకున్న ప్రతిసారీ పాట కవిది, గొంతు మాత్రమే వాళ్లది అన్నట్టయిపోతుంది. భావగీతాల వెనక వాళ్లు పాడిన స్త్రీల పాటలు మరుగునపడ్డాయి. నాకు ఇష్టమైనవి అవే.

అనసూయ 1920లో కాకినాడలో పుట్టారు. తల్లి వింజమూరి వెంకటరత్నమ్మ నడిపిన స్త్రీల పత్రిక పేరు కూడా 'అనసూయ'! ఆడవాళ్ల రాతను అచ్చువేసిన ఇంట్లో, ఆడవాళ్ల పాటను సేకరించి స్వరాలతో సహా పుస్తకాలకెక్కించిన మనిషి పెరగడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. జానపదం అంటే మోటు అని పెద్దమనుషులు మొహం తిప్పుకునే కాలంలో దాన్ని కచేరీ వేదిక మీద కూర్చోబెట్టారు వాళ్లు. ఇది చిన్న పని కాదు.

అయితే ఇక్కడే నాకో పేచీ ఉంది. ఇరవయ్యేళ్ల కిందట రాజమండ్రిలో ఒక స్నేహితురాలు ఇచ్చిన క్యాసెట్టులో వాళ్ల దంపుళ్ల పాట ఒకటి విన్నాను. ఒకరి మాట ముగిసీ ముగియకముందే రెండోవారు అందుకుంటారు. ఒకే రోట్లో జంట రోకళ్లు పడడం చూసినవాళ్లకి ఆ అందుకోవడం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పక్కర్లేదు. ఎన్నిసార్లు విన్నానో! కోనసీమలో మా అమ్మమ్మకి వినిపించాను. మొత్తం విని, "బానే పాడేరు గానీ, పోటేదే?" అంది.

మళ్లీ విన్నాను. నిజమే. రోకలి ఎత్తేటప్పుడు ఊపిరి లోపలికి పోవాలి, దించేటప్పుడు మాట బయటికి రావాలి. ఆ మధ్య ఉండే ఖాళీని హార్మోనియం తీయగా నింపేసింది. పైగా పాత గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలే తిరిగేది. దంపుళ్ల పాటకి అలాంటి లెక్క లేదు, ధాన్యం అయిపోయేదాకా సాగాల్సిందే. పని పోయి పాట మిగిలితే అలసట కూడా పోతుంది. అలసట లేని ఆ మాధుర్యాన్ని మనం జానపదం అని మెచ్చుకుంటున్నాం. అయినా ఆ రికార్డులూ పుస్తకాలూ లేకపోతే నేను పేచీ పెట్టుకోవడానికైనా ఏం మిగిలేది?

ఇంకో సంగతి. ఎంకి పాటలంటే నండూరి పేరు చెబుతాం, బంగారి మామ పాటలంటే కొనకళ్ల పేరు చెబుతాం. దంపుళ్ల పాట దగ్గరికొచ్చేసరికి 'జానపదం' అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. ఎవరో ఒక ఆడమనిషి అల్లిన పాటే కదా అదీ!

ఈ ఆవేశంలోనే అమ్మమ్మని అడిగాను, నీ పాటలు నీకెవరు నేర్పారని.

"దంచడానికొచ్చేది, పేట నించి. ఎర్రగా, పొడుగ్గా ఉండేది. చంకలో పిల్లాడు. పేరే..." అని ఆగిపోయింది.

ఆమె పాట మాత్రం ఒక్క చరణం తప్పిపోకుండా పాడింది, అరచేత్తో మంచప్పట్టె మీద పోటు వేస్తూ.