వంతు అమ్మకం

వినోదవనాల్లో వరసలో నిలబడకుండా ముందుకు పోయే హక్కును డబ్బున్నవాళ్లకు అమ్మవచ్చునా అనే ప్రశ్నను విమర్శకు పెట్టిన పత్రికలో చర్చించడం కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చు. పంటకు గిట్టుబాటు ధర లేనిచోట, చదివినవాడికి ఉద్యోగం లేనిచోట, రంగులరాట్నం ఎవరు ముందెక్కితే మనకేమని వారడగవచ్చు. నేనలా అనుకోవడం లేదు. మనుషులు పనిచేసేచోట జరిగే అన్యాయాన్ని గుర్తుపట్టడం మనకు కొంత అలవాటైంది. సరదాపడేచోట జరిగేదాన్ని గుర్తుపట్టడమే కష్టం. అక్కడికి మనల్ని ఎవరూ ఈడ్చుకుపోరు. మన డబ్బు మనమే ఇచ్చి, నవ్వుతూ పోతాం.

ముందు విషయమేమిటో చూద్దాం. బెంగుళూరు దగ్గర బిడదిలో 2005లోనూ, హైదరాబాదు దగ్గర రావిర్యాలలో 2016లోనూ వండర్‌లా సంస్థ వినోదవనాలు తెరిచింది. అక్కడ మామూలు టిక్కెట్టు వుంది, ‘ఫాస్ట్‌ట్రాక్’ అనే ఎక్కువ ధర టిక్కెట్టు వుంది. రెండోది కొన్నవాళ్లకు ఆటల దగ్గర వేరే వరస. ఇందులో దాపరికమేమీ లేదు. ఆ సంస్థ ఒక్కటే చేస్తున్న పని కూడా కాదు. ఈ వ్యాపారానికి పుట్టిల్లు అమెరికా. 1955 జులైలో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచారు. 1967లో దాని లోపలే క్లబ్ 33 అనే పేరుతో ఆహ్వానితులకూ సభ్యులకూ మాత్రమే ప్రవేశమున్న భోజనశాల వెలిసింది. అయినా ఆటల దగ్గర వరస చాలాకాలం అందరికీ ఒక్కటే. 1999లో ‘ఫాస్ట్‌పాస్’ వచ్చింది. ఏ ఆటకు ఏ వేళకు రావాలో చెప్పే చీటీ యంత్రం ఇచ్చేది. ఆ చీటీకి వేరే ధర లేదు; ప్రవేశ టిక్కెట్టు కొన్న ప్రతివాడూ తీసుకోవచ్చు. 2021లో దాన్ని తీసేసి, డబ్బు పుచ్చుకునే పద్ధతి పెట్టారు. 2024 అక్టోబరులో ‘ప్రీమియర్ పాస్’ అనే మరో మెట్టు కట్టారు. డిస్నీలాండులో మొదట దాని ధర మనిషికి రోజుకు 400 డాలర్లు. ప్రవేశ టిక్కెట్టు వేరే కొనాలి.

ఈ విషయం మీద ఒకరోజు మా బి.ఎ. తరగతిలో వాదన పెట్టాను. నలుగురైదుగురు తప్ప అందరూ అమ్మకాన్ని సమర్థించారు. వీళ్లు ధనికుల బిడ్డలు కారు. చాలామంది టమాటా పండించే ఇళ్లనుంచి, ఆవుల పాలమ్ముకునే ఇళ్లనుంచి వచ్చినవాళ్లు. “మార్కెట్టు యార్డులో మంచి కాయకు ఎక్కువ ధర, మచ్చ కాయకు తక్కువ ధర. ఇది కూడా అంతే కదా సార్. వాడు డబ్బిచ్చాడు, వీళ్లు అమ్మారు. మధ్యలో మనకేం?” అన్నాడొకడు. వాదన ఎంత సూటిగా వుందంటే, దాన్ని పెట్టుబడిదారీ ప్రచారమని ఒక్క ముక్కలో కొట్టిపారేయడం ఉపాధ్యాయుడికి మర్యాద కాదు. దానికి జవాబు చెప్పాలి.

యార్డులో మంచి కాయలు కొన్నవాడు అప్పటికే మరొకడు కొనుక్కున్న గంపలోంచి కాయలు తీసుకుపోడు. ఇక్కడ జరిగేది సరిగ్గా అదే. ఒక ఆటలో గంటకు ఆరువందల మంది ఎక్కగలరనుకుందాం. నీ ముందు తొమ్మిదివందల మంది వున్నారు. గంటన్నరలో నీ వంతు రావాలి. నీ తర్వాత వచ్చి, పక్క దారిన గంటకు నూటయాభై మంది ఎక్కుతున్నారు. ఇప్పుడు నీ వరసకు మిగిలింది గంటకు నాలుగువందల యాభై. నీ వంతు రావడానికి రెండు గంటలు పడుతుంది. ఈ అరగంట ఎక్కడికి పోయింది? యంత్రం వేగం పెరగలేదు, కొత్త బండి తగిలించలేదు. నీ దగ్గర తీసుకున్న అరగంటనే అక్కడ వాళ్లకు అమ్మారు. నీకు అందులో పైసా ముట్టలేదు సరికదా, నువ్వు కూడా టిక్కెట్టు కొన్నావు.

కాబట్టి ఎక్కువ ధర పెట్టడాన్నంతా ఒకే గాటన కట్టడం పొరపాటు. రామోజీ ఫిల్మ్ సిటీలో ఏసీ బస్సూ భోజనమూ కలిపి ఎక్కువ ధరకు టిక్కెట్టు అమ్ముతారు. అది నాకు అభ్యంతరం కాదు. మెత్తటి కుర్చీ కావలసినవాడు దాని ఖరీదు ఇస్తాడు. మన పాత సినిమా హాళ్లలో నేల, బెంచి, కుర్చీ అని తరగతులుండేవి. అవి వర్గభేదాలే, సందేహం లేదు. కానీ ‘పాతాళభైరవి’ అందరికీ ఒకే క్షణంలో మొదలయ్యేది. కుర్చీవాడికి తోటరాముడు పదినిమిషాలు ముందు కనబడలేదు. నేల టిక్కెట్టువాడే తెరకు దగ్గర. మొదటి ఈల అతనిదే. అక్కడ అమ్మింది కూర్చునే చోటు. ఇక్కడ అమ్ముతున్నది వంతు. సినిమావాళ్లకూ ఈ సంగతి ఈమధ్య తెలిసివచ్చింది. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ముందస్తు ప్రదర్శనకు టిక్కెట్టు మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి తెలంగాణా ప్రభుత్వం అనుమతించింది. ఆ ధరకు కుర్చీ ఏమీ మారలేదు. మారింది ‘ముందు’ అనే మాట ఒక్కటే.

వంతు అనే మాట విలువ మా మెట్టసీమ మనిషికి వేరే చెప్పనక్కర్లేదు. నిండుగా పారే నది లేని ప్రాంతం ఇది. చెరువు కింద మడులకు ఎవరికి ఎప్పుడు నీరు వదలాలో చూడడానికి నీరుగంటి వుండేవాడు. అన్నదమ్ములు పంచుకున్న బావిలో ఎవరికి ఎన్ని రోజులు నీరో పత్రాల్లో రాసుకునేవారు. భూమి అమ్మితే బావిలో వంతు కూడా కలిపి అమ్మేవారు. ఇక్కడ ఒక చురుకైన విద్యార్థి నన్ను పట్టుకోవచ్చు: అయితే వంతు అమ్మడం మన తాతలనాటినుంచీ వున్నదే కదా! వున్నదే. కానీ ఎవరి వంతు ఎవరు అమ్మారు? రామప్ప తన మంగళవారాన్ని అమ్ముకుంటే బుధవారం వాడికి బుధవారం అలాగే వుంది. రామప్ప మంగళవారాన్ని సుబ్బన్న అమ్మి సొమ్ము చేసుకుంటే దాన్ని ఊళ్లో ఎవరూ వ్యాపారమనేవారు కాదు. వరసలో నిలబడినవాడు తన చోటును పక్కవాడికి అమ్ముకుంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. అమ్ముతున్నది వరసలో నిలబడనివాడు.

బోరుబావుల కాలంలో ఏం జరిగిందో కూడా మనం చూశాం. డబ్బున్నవాడు లోతుకు దించాడు. పక్కవాడి బావి ఎండింది. “నా చేను, నా డబ్బు, నా బోరు” అన్నాడు. న్యాయంగానే వినబడే మాట అది. కానీ భూమి అడుగున నీటికి గట్లు లేవు. ఈ సంగతి గ్రహించే 2002లో జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం చేశారు. కొత్త బోరుకు అనుమతి వుండాలనీ, తాగునీటి బావికి దగ్గరలో వేయరాదనీ అన్నారు. ఆ చట్టం ఎంతబాగా అమలైందనేది వేరే కథ. ఇక్కడ ఎవరూ దాన్ని చూసి మురిసిపోవడం లేదు. కానీ కొన్నవాడూ అమ్మినవాడూ ఒప్పుకున్నంతమాత్రాన బేరం న్యాయమైపోదని ఒక శాసనసభ ఒప్పుకున్నది. ‘ఫాస్ట్‌ట్రాక్’ కొన్నవాడి మాట ఆ బోరువాడి మాటే.

‘కన్యాశుల్కం’ పాఠం చెప్పేటప్పుడు కూడా నాకు ఇదే తోస్తుంది. 1892లో ఆ నాటకం ఆడినప్పుడు గురజాడ ముందున్న ఆచారంలో పుచ్చుకునేవాడు ఒప్పుకున్నాడు, ఇచ్చేవాడు ఒప్పుకున్నాడు. బేరంగా చూస్తే లోపం లేదు. అడగవలసిన మూడో మనిషిని ఎవరూ అడగలేదు, అంతే. ఆట దగ్గర అరగంట పోగొట్టుకున్నవాడి నష్టాన్ని ఆ పిల్ల నష్టంతో పోల్చే తెలివితక్కువతనం నాకు లేదు. బేరం ఆకారాన్ని మాత్రమే పోలుస్తున్నాను.

ఇంతకంటే బలమైన వాదన ఇంకొకటుంది. దాన్ని ఎదుర్కోకుండా తప్పుకోవడం మనకు తగదు. డబ్బు పుట్టుకకంటే మేలు కదా అంటారు. మా చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుడుల దగ్గర ఎండాకాలంలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, ఆఖరిరోజు మట్టితో కట్టిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడి ఆట. టిక్కెట్టు లేదు. దీన్ని చూసి ‘ఆహా, ప్రజల కళ!’ అని కరిగిపోయేవాళ్లున్నారు. ఆ నేల మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం నిర్ణయించిన కాలం వుంది. దాన్ని మరిచి మాట్లాడలేను. టిక్కెట్టు పుస్తకం ఆ గీతను కొంత చెరిపింది. డబ్బిచ్చినవాడి కులం సినిమాహాలు గుమాస్తా అడగలేదు. ఇది చిన్న విషయం కాదు. అయితే టిక్కెట్టుకు ఆ గౌరవం ఎక్కడనుంచి వచ్చింది? ఒకసారి కొన్నాక నీ ముందువాడూ నీ వెనకవాడూ నీతో సమానమనే నమ్మకం నుంచి. ‘పెద్దమనుషులు వస్తున్నారు, తప్పుకోండి’ అనే పాత కేకను టిక్కెట్టు నోరు మూయించింది. ఇప్పుడు ఆ కేకనే పక్క దారి పేరుతో టిక్కెట్టులోకి ఎక్కించారు. పోగొట్టామనుకున్నదాన్ని అచ్చువేసి అమ్ముతున్నారు.

అమెరికా ఆచార్యుడు మైకేల్ శాండెల్ 2012లో రాసిన పుస్తకంలో ఈ వినోదవనాల ప్రస్తావన తెచ్చాడు. ఎక్కువ డబ్బిచ్చినవాళ్లను కొన్నిచోట్ల మిగతావాళ్ల కంటబడకుండా పక్క గుమ్మాలలోంచి తీసుకుపోతారని చెప్పాడు. అన్నిటికీ ధర కడితే విలువలు చెడతాయన్నది ఆయన బెంగ. నాకు ఆయన చెప్పిన విలువలకంటే ఆయన చూపిన గుమ్మమే ఎక్కువ చెబుతుంది. న్యాయమైన సరుకును దొడ్డిదారిన ఎందుకు ఇస్తారు?

డబ్బున్నవాడు ఎక్కువ ఇవ్వబట్టే మామూలు టిక్కెట్టు చౌకగా దొరుకుతోందని వ్యాపారులంటారు. ఒక సంగతి ఆలోచించండి. వరస లేకపోతే ఆ టిక్కెట్టు ఎవరు కొంటారు? వరస ఎంత పొడవైతే ఆ సరుకుకు అంత గిరాకీ. వరసను తగ్గించవలసినవాడికే వరస లాభసాటి అయింది. కావాలని పొడిగిస్తున్నారని నేననడం లేదు. తగ్గించడానికి తొందరపడే కారణం పోయిందంటున్నాను. ముసలివాళ్లను, నిండు నెలల స్త్రీలను, కాలు లేనివాళ్లను ముందు పంపితే వరసలో ఎవరూ గొణగరు. అక్కడ దారి ఇచ్చేది వరసే.

తిరుమల మాట ఎత్తకుండా మా ప్రాంతంలో వరస గురించి మాట్లాడడం కుదరదు. అక్కడ ఉచిత సర్వదర్శనం వుంది, 300 రూపాయల దర్శనం వుంది, శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిచ్చినవాళ్లకు 500 రూపాయల బ్రేక్ దర్శనం వుంది. ఆ విరాళం గుడులు కట్టడానికేనంటారు. డబ్బు మంచి పనికి పోతే పోయిన వంతు తిరిగి రాదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం ఉచిత టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. దానికి టిక్కెట్ల అమ్మకమే కారణమని నేను చెప్పను. పదివేలు ఇవ్వగలిగినవాళ్లెవరూ ఆ గేటు దగ్గర నిలబడవలసిన అవసరం లేదని మాత్రం చెబుతాను. వాళ్లు కూడా నిలబడవలసివస్తే ఆ గేటు ఇంకోలా వుండేది.

ఆట దగ్గర నేర్చుకున్నది ఆట దగ్గరే ఆగదు. 2023 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో రాష్ట్రం నింపే సీట్లలో 35 శాతం ఏడాదికి 12 లక్షలకూ, 15 శాతం ప్రవాసుల కోటా కింద 20 లక్షలకూ ఇవ్వాలని ఉత్తర్వులిచ్చింది. 2025 సెప్టెంబరులో మదనపల్లెతో సహా పది కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని మంత్రివర్గం నిర్ణయించింది. మా విద్యార్థుల చెల్లెళ్లు, తమ్ముళ్లు ఆ సీట్ల కోసమే రాత్రిళ్లు చదువుతున్నారు. “వాడు డబ్బిచ్చాడు, మధ్యలో మనకేం?” అన్న పిల్లవాడు ఈ సంగతి విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అది వేరే సార్, అది చదువు” అన్నాడు. వేరే అని అతనికి తోచింది. ఎందుకు వేరో చెప్పమంటే చెప్పలేకపోయాడు.

పుంగనూరు వైపునుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం వేరే మాట అన్నది. “మామూలు టిక్కెట్టే మా అమ్మ కూలికి చాలా రోజులవుతుంది సార్. మేం వరస దాకా రాందే.” ఇది నా వాదనకంటే పెద్ద ప్రశ్న. లోపలికి రాగలిగినవాళ్ల మధ్య న్యాయం గురించి నేను ఇంతసేపు రాశాను. గేటు బయట వున్నవాళ్లకు మునిసిపల్ పార్కూ, జాతరలో వచ్చే రాట్నమూ తప్ప ఏముందో మరొకరు రాయాలి.

ఈలోగా విహారయాత్రలు ఆగవు, ఆగమనడం నా ఉద్దేశం కాదు. కళాశాలలు వందలాది టిక్కెట్లు ఒక్కసారిగా కొంటాయి. కొనేముందు విద్యార్థి సంఘాలూ అధ్యాపకులూ ఒకటి అడగవచ్చు: పక్క దారిన గంటకు ఎంతమందిని పంపుతారు? ఆ సంఖ్యను మామూలు టిక్కెట్టు మీద, ధర పక్కనే, అచ్చువేయమనాలి.