కలివికోడి, కాకపో: రెండు కాపలాలు

రెండూ రాత్రిపూట తిరిగే పక్షులే. రెండూ దాదాపు ఆశ వదులుకున్నాక దొరికినవే. న్యూజిలాండ్ దక్షిణపు కొసన స్టీవర్ట్ ద్వీపంలో 1977లో, ఎగరలేని చిలుక కాకపోలు ఇంకా మిగిలి ఉన్నాయని తెలిసింది. 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంట పడని మన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నది ఆ ఊరి పొదలు తెలిసిన ఓ స్థానికుడు.

మన ప్రభుత్వం నేలను కాపాడింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి ఉండే చిట్టడవిలోకి చొచ్చుకొస్తే పనులు ఆపించి దారి మళ్ళించారు. నీళ్ళ కోసం తరాలుగా ఎదురుచూసే సీమలో పిట్ట కోసం కాలువ పక్కకు జరగడం మామూలు సంగతా!

న్యూజిలాండ్ పక్షినే చేతుల్లోకి తీసుకుంది. పిల్లులూ, ముంగిసలాంటి స్టోట్‌లూ లేని దీవులకు తరలించింది. ప్రతి పక్షికీ ఓ పేరు, ఒంటికో ట్రాన్స్‌మిటర్. గుడ్డుకు ముప్పుందనిపిస్తే తీసి ఇంక్యుబేటర్‌లో పెడతారు, తల్లి లేచిపోకుండా గూట్లో ఉత్తుత్తి గుడ్డు ఉంచుతారు. 1995లో 51 ఉన్నవి 2022 నాటికి 250 దాటాయి.

అదంతా ఇక్కడెందుకు చెయ్యలేదని నిలదీయడం న్యాయం కాదు. కాకపోకి మనుషుల్లేని దీవులు దొరికాయి. కలివికోడి ఉండేది మేకలు మేసే, జనం వంటచెరకు కొట్టుకునే పొదల నడుమ. పైగా దానికి నచ్చేదీ అలాంటి చోటే. పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, తెల్లారాక వాటిమీద దాని అడుగుజాడలు వెతికిన పరిశోధకులు తేల్చింది ఇదే: పొదలు మరీ చిక్కబడినా, మరీ పలచబడినా అది నిలవదు. కంచె వేసి అందర్నీ బయటికి పంపితే అడవి మూసుకుపోతుంది, పట్టించుకోకపోతే బోడి అవుతుంది. ఎంత మేత, ఎంత నరుకుడు అన్నది ఏటేటా ఎవరో ఒకరు చూసుకోవాలి.

నా ఫిర్యాదు అక్కడే. న్యూజిలాండ్ ప్రభుత్వం దశాబ్దాలుగా జీతాలిచ్చి అదే పనిమీద మనుషుల్ని ఉంచింది. ఇక్కడ సర్వేలు నిధులున్నన్నాళ్ళు సాగి ఆగాయి. ఆ పొదల్లో ఏడాది పొడుగునా తిరిగే మేకల కాపర్లను, అభయారణ్యం గీత దాటినవాళ్ళుగా చూసే బదులు జీతమిచ్చి జాడలు చూసేవాళ్ళుగా పెట్టుకోవాల్సింది. కలివికోడి కోసం మనం చేయగలిగి కూడా చేయని పని అదొక్కటే, అదే అన్నిటికన్నా చవకైనది కూడా.