కామవ్యసనమునకు కొలబద్ద ఏది?

సిగ్గుచే దాచుకొను బాధకు ‘కామవ్యసనము’ అని పేరిడి, చికిత్స కలదని ధైర్యము చెప్పినది 1983లో అమెరికాలో వెలువడిన పాట్రిక్ కార్న్స్ గ్రంథము. అది మేలే. కాని మద్యవ్యసనపరులకై ఏర్పడిన పన్నెండు మెట్ల పద్ధతిని దీనికి తగిలించుట అంత మెచ్చదగినది కాదు. మద్యము పూర్తిగా మానినను మనిషికి లోటు లేదు. కామమో, ఆకలి వలె సహజము.

2013లో అమెరికా మనోవైద్యుల సంఘము ‘అతికాముకత’ను తన రోగముల పట్టికలో చేర్చలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన పట్టికలో ఇది చేరినది. ఐనను వ్యసనముగా గాక, ప్రేరణలను నిగ్రహించుకొనలేని రుగ్మతగా. కోరిక ఎన్నిమార్లు కలిగినదన్నది అచ్చట లెక్క కాదు. ఆరు నెలలు, అంతకు మించియు, చదువు, కొలువు, సంసారము చెడుచున్నను మానలేకపోవుటయే గుర్తు. తప్పు చేయుచున్నానను బాధ ఒక్కటే యున్నచో రోగమని నిర్ణయింపరాదని కూడ స్పష్టముగా వ్రాసిరి. యౌవనములో సహజమైన కోరికలకే తమకేదో రోగమున్నదని కుములు విద్యార్థులు ఎందరో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు!

పరీక్షలో మరియొక మెలకువ కావలెను. పార్కిన్సన్ వ్యాధికిచ్చు కొన్ని మందుల వలన కూడ ఇట్టి ప్రవర్తన పుట్టవచ్చును. వైద్యుడు మోతాదు తగ్గించినచో, లేక మందు మార్చినచో, అది తరచు తగ్గును. తక్కినవారికి ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దు మానసిక చికిత్స ముఖ్యము. నాల్ట్రెక్సోన్ వంటి మందులను వాడి చూచుచున్నారు గాని, వాటిపై జరిగిన పరిశోధన ఇంకను స్వల్పమే.